మూడో స్నానానికే ఆరిపోతున్న గ్యాస్ గీజర్: మెకానిక్‌ను పిలవాలా?

నరసన్నపేట నుంచి, ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో గ్యాస్ బాయిలర్ నిన్నటి నుంచి మమ్మల్ని విసిగిస్తోంది. భోగి కదా అని ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకోవడానికి తెల్లవారుజామున నాలుగున్నరకే లేచాం. మొదటి ఇద్దరి స్నానాలు ఏ ఇబ్బందీ లేకుండా ముగిశాయి. మూడో మనిషి లోపలికి వెళ్లిన అయిదారు నిమిషాలకు మంట ఆరిపోయి చన్నీళ్లు వచ్చాయి. కుళాయి కట్టి మళ్లీ తిప్పితే టిక్‌టిక్‌మని రవ్వలు పడి వెలిగింది కానీ రెండు నిమిషాల్లోనే ఆరిపోయింది. అరగంట వదిలేసి చూస్తే మామూలుగా పనిచేసింది. ఈ రోజు కూడా ఇదే వరస. సిలిండర్ నిండుగా ఉంది, వంటింట్లో పొయ్యి చక్కగా మండుతోంది. రెగ్యులేటర్ తీసి మళ్లీ బిగించాను. గొట్టం పొడవునా సబ్బు నురగ రాసి చూస్తే ఎక్కడా బుడగలు రాలేదు కాబట్టి లీకు లేదు. పండగ పూట నాలుగు గంటలు దీని ముందే నిలబడ్డాను. మెకానిక్ ఎవరూ ఫోను ఎత్తడం లేదు. రేపు కనుమకు అక్కచెల్లెళ్లు, పిల్లలు కలిపి మరో అయిదుగురు వస్తున్నారు. ఇది నేనే విప్పి సరిచేసుకోగలిగే లోపమా, ఆగాల్సిందేనా? తెలిసినవారు దయచేసి వెంటనే చెప్పండి.

చీపురుపల్లి నుంచి

గీజర్‌లో రవ్వలు పుట్టించే సెల్లులు మార్చండి.

ఆమదాలవలస నుంచి

సెల్లుల వల్ల కాదు. ఇది ముమ్మాటికీ నీటి దోషం. మన ప్రాంతంలో చాలామంది బోరు నీటినే నేరుగా ట్యాంకుకు ఎక్కించి, అదే నీటిని గీజర్‌లోకి వదులుతారు. ఆ నీటిలోని సున్నపు లవణాలు వేడికి విడిపోయి రాగి గొట్టం లోపల పెచ్చులా పేరుకుంటాయి. మీ టీ గిన్నె అడుగున తెల్లగా కట్టే పొర కూడా అదే. పెచ్చు మందమైన కొద్దీ మంటలోని వేడి నీటికి చేరదు, గొట్టం మాత్రం అతిగా కాలుతుంది, అప్పుడు వేడిని కనిపెట్టే సెన్సార్ గ్యాసును కట్టేస్తుంది. పైగా దారి సన్నబడితే నీటి ఒత్తిడి తగ్గి, లోపలి రబ్బరు పొర మంటను వెలిగించే స్విచ్చును నొక్కలేకపోతుంది. ఒకటిన్నర సంవత్సరం క్రితం మా గీజర్‌ను విప్పించినప్పుడు గుప్పెడు తెల్లని పొడి రాలింది. ముందు మీ నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగిన పదార్థాల లెక్క, ఎంతో కొలిచి ఇక్కడ రాయండి.

నరసన్నపేట నుంచి

సెల్లులు నిన్ననే మార్చాను, ఈ రోజు మళ్లీ కొత్తవి వేశాను. నీళ్లు ధారగానే వస్తున్నాయి, ఏమీ తగ్గలేదు. టీడీఎస్ కొలిచే పరికరం మా దగ్గర లేదు. అసలు అరగంట విశ్రాంతి ఇస్తే ఎందుకు పనిచేస్తోందో ఎవరైనా చెప్పగలరా?

ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి, సొంతూరు బొబ్బిలి

మీరు బాయిలర్ అని రాశారు కాబట్టి ఒక మాట స్పష్టం చేసుకోవాలి. నేనుండే చోట బాయిలర్ అంటే ఇల్లంతా వెచ్చబరిచే రేడియేటర్లకూ, కుళాయిలకూ కలిపి నీటిని కాచే యంత్రం. దాని ఒత్తిడి ముల్లు మామూలుగా 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. అంతకన్నా బాగా పడిపోతే అది తనంతట తాను ఆగిపోతుంది. నీరు నింపి ఒత్తిడి సరిచేయడం వంటివి ఇంటివాళ్లు చేసుకోవచ్చు గానీ, గ్యాసు పారే భాగాన్ని ముట్టుకోవాలంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న ఇంజినీర్ రావాల్సిందే. ఆ రిజిస్టర్ 2009 నుంచి అమల్లో ఉంది, వచ్చిన మనిషి కార్డు అడిగి చూసే హక్కు మనకు ఉంటుంది. ఇక్కడి కొత్త బాయిలర్లు మంటకు కావలసిన గాలిని బయటి నుంచే గొట్టంతో తీసుకుని, కాలిన గాలిని బయటికే వదులుతాయి. మన ఊళ్లలో గోడకు తగిలించే గ్యాస్ గీజర్లలో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు. అవి గదిలోని గాలినే వాడుకుంటాయి. మీది ఏ రకం?

చీపురుపల్లి నుంచి

గీజర్ అన్నా బాయిలర్ అన్నా ఆయనకు కావలసింది వేడినీళ్లు.

లీడ్స్ నుంచి

పేరు కోసం అడగలేదండీ. గాలి ఎక్కడి నుంచి తీసుకుంటుందన్న దాన్ని బట్టే ప్రమాదం మారిపోతుంది, అందుకే అడిగాను.

విజయనగరం నుంచి, గ్యాస్ పొయ్యిలు, గీజర్ల మెకానిక్

బాబూ, మీరు లక్షణాలన్నీ రాశారు గానీ అసలు వివరాలు రాయలేదు. గీజర్ ఎక్కడ బిగించారు, బాత్‌రూమ్ లోపలా, బయటా? మంట ఏ రంగులో ఉంది? స్నానం చేస్తున్నప్పుడు కిటికీ గానీ వెంటిలేటర్ గానీ తెరిచి ఉంటుందా? ఆ అరగంట విశ్రాంతిలో బాత్‌రూమ్ తలుపు తీసి ఉంచారా, మూసి ఉంచారా? ఈ నాలుగింటికీ జవాబు వచ్చేవరకు దాన్ని వెలిగించకండి.

నరసన్నపేట నుంచి

బాత్‌రూమ్ లోపలే ఉంది, అది అందరికీ తెలిసిందే అనుకుని రాయలేదు. గది అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. వెంటిలేటర్ ఒకటి ఉంది. కార్తీక మాసం నుంచి చలిగాలి, దోమలు వస్తున్నాయని థర్మోకోల్ అట్ట పెట్టి చుట్టూ టేపు వేశాం. మంట మొదట నీలంగానే ఉంటుంది, తరవాత కొసలు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. మీరు అడిగాక దగ్గరికి వెళ్లి చూస్తే పైమూత చీలికల దగ్గర వేలికి నల్లని మసి అంటుకుంది. ఆపినప్పుడు తలుపు తీసే ఉంచాం. నిన్న మూడోసారి లోపలికి వెళ్లింది మా అమ్మగారు. బయటికి వచ్చి తల దిమ్ముగా ఉందనీ, కడుపులో తిప్పుతోందనీ అన్నారు. పరగడుపున ఉండడం వల్లే అనుకుని కాఫీ ఇచ్చి పడుకోబెట్టాం. ఇప్పుడు బాగానే ఉన్నారు. ఇంట్లో ఉన్న ఆక్సీమీటర్ పెట్టి చూస్తే 98 చూపించింది.

విజయనగరం నుంచి, మెకానిక్

సిలిండర్ దగ్గరే వాల్వు కట్టేయండి. గీజర్‌ను ఎవరూ ముట్టుకోవద్దు. వెంటిలేటర్‌కు పెట్టిన అట్ట ఇప్పుడే పీకేయండి. ఇక మీ అరగంట విశ్రాంతి సంగతి. విశ్రాంతి దొరికింది యంత్రానికి కాదు బాబూ, గదికి. తలుపు తీశారు, మంచి గాలి వచ్చింది, మంట మళ్లీ నిలబడింది. గాలిలో ప్రాణవాయువు తగ్గితే మంట బర్నర్‌ను అంటిపెట్టుకుని ఉండదు, పైకి లేచి ఊగుతుంది. అప్పుడు మంటను కనిపెట్టే పుల్లకు అది అందక గ్యాసు ఆగిపోతుంది. కొన్ని మోడళ్లలో ప్రాణవాయువు తగ్గితే ఆపడానికి విడిగా సెన్సార్ కూడా ఉంటుంది. ఏ రకంగా ఆగినా, మీరు లోపం అనుకుంటున్నది నిజానికి మీ ఇంట్లో మనుషులను కాపాడింది. దాన్ని తప్పించి మంట ఆగకుండా చేసి ఇవ్వమని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోలేదు, మీరు కూడా ఎవరినీ అలా చేయనివ్వకండి.

రాజాం నుంచి, స్టాఫ్ నర్సు

అన్నయ్యా, అమ్మగారి విషయంలో ఆ 98 అంకెను నమ్మకండి. వేలికి పెట్టుకునే మామూలు ఆక్సీమీటర్ ప్రాణవాయువు పట్టిన రక్తానికీ, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పట్టిన రక్తానికీ తేడా తెలుసుకోలేదు. రెండింటినీ ఒకటిగానే లెక్కించి మంచి అంకె చూపిస్తుంది. ఆవిడను ఈ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లి, మూసిన గదిలో గ్యాస్ గీజర్ వెలిగించి స్నానం చేశారని డాక్టరుగారికి ముందుగా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే తలనొప్పి, వికారం చూసి నీరసమో పైత్యమో అనుకునే వీలుంది. రక్త పరీక్ష అవసరమో కాదో ఆయన నిర్ణయిస్తారు. మిగతావాళ్లలో కూడా ఎవరికైనా తలనొప్పి వచ్చిందేమో అడగండి. గర్భిణులు, చిన్నపిల్లలు, గుండె జబ్బు ఉన్నవారు ఇంకా తొందరగా దెబ్బతింటారు.

టెక్కలి నుంచి

ఇంతగా భయపెట్టడం అవసరమా? మా ఇంట్లో ఎనిమిదేళ్లుగా గీజర్ బాత్‌రూమ్‌లోనే ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన సబ్బు నురగ రాసి చూశారు, లీకు లేదని తేలింది. గ్యాసు వాసన కూడా రాలేదు. లీకు లేనప్పుడు విషవాయువు ఎక్కడి నుంచి వస్తుంది?

శ్రీకాకుళం నుంచి, విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు

ఈ పొరపాటు చాలామందికి ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. లీకు వేరు, కార్బన్ మోనాక్సైడ్ వేరు. లీకైతే బయటికి వచ్చేది కాలని వంటగ్యాసు. దానికి సహజంగా వాసన లేకపోయినా, పసిగట్టడానికి వీలుగా మెర్కాప్టాన్ అనే దుర్వాసన గల పదార్థాన్ని కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్ సిలిండర్‌లో ఉండదు. తగినంత గాలి అందక గ్యాసు సగం సగం కాలినప్పుడు మంటలోనే పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, సబ్బు నురగకు అది దొరకదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పసుపు మంట, మసి అనేవి గ్యాసు సరిగా కాలడం లేదనడానికి గుర్తులు.

ఇప్పుడు లెక్క చూడండి. నిమిషానికి ఆరు లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడెక్కించాలంటే సుమారు 12 కిలోవాట్ల మంట కావాలి, అంటే గంటకు దాదాపు 0.9 కిలోల గ్యాసు. వంటింటి పొయ్యి మీద పెద్ద బర్నర్ కన్నా ఇది అయిదారు రెట్లు. ఒక కిలో గ్యాసు పూర్తిగా కాలడానికి సుమారు 12 ఘనమీటర్ల గాలి కావాలి. ఆ ప్రకారం ఇరవై నిమిషాల స్నానానికి 0.3 కిలోల గ్యాసు, మూడున్నర ఘనమీటర్లకు పైగా గాలి ఖర్చవుతాయి. మీ బాత్‌రూమ్ ఎత్తు ఎనిమిది అడుగులనుకుంటే అందులో ఉన్న మొత్తం గాలి నాలుగున్నర ఘనమీటర్లే. తలుపు సందుల్లోంచి కొంత వస్తుంది నిజమే, కానీ అట్ట పెట్టి టేపు వేసిన గదిలో ఒకరి వెంట ఒకరు తలంటు పోసుకుంటే మూడో మనిషికి ఏ గాలి మిగులుతుందో మీరే ఊహించండి. టెక్కలివారి ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఏమీ కాకపోవడానికి వెంటిలేటర్ తెరిచి ఉండడమే కారణం కావచ్చు. దయచేసి ఒకసారి వెళ్లి చూసుకోండి.

టెక్కలి నుంచి

వెంటిలేటర్ తెరిచే ఉంది మాస్టారూ. అయితే దానికి దోమల జాలి ఉంది, అది దుమ్ముతో సగం పూడుకుపోయింది. సాయంత్రం కడిగిస్తాను.

ఆమదాలవలస నుంచి

గాలి సంగతి ఒప్పుకుంటాను గానీ, మసి పట్టడానికి నీటి పెచ్చు కూడా కారణమేనని మరవకండి. మా ఇంటి నీటి టీడీఎస్ 900 వచ్చింది. అంత కఠిన జలాన్ని వాడితే ఏ గీజరూ నిలవదు.

శ్రీకాకుళం నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు

టీడీఎస్ 900 అయినంత మాత్రాన నీరు కఠినమని చెప్పలేం. టీడీఎస్ అంటే నీటిలో కరిగిన మొత్తం పదార్థాలు. కఠినత్వం కాల్షియం, మెగ్నీషియంలను మాత్రమే లెక్కిస్తుంది. తీరానికి దగ్గరి బోర్లలో మామూలు ఉప్పు వల్ల కూడా టీడీఎస్ పెరగవచ్చు, ఆ ఉప్పు పెచ్చు కట్టదు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. మీరు కఠినత్వ పరీక్ష విడిగా చేయించుకోవాలి. ఇక పెచ్చు కట్టేది గొట్టం లోపల, మసి పట్టేది గొట్టం బయట మంట వేడిని అందుకునే రేకు రెక్కల మీద. రెండింటినీ ఒకటి చేయకండి.

ఆమదాలవలస నుంచి

రెక్కల మీద మసి పట్టినా, గొట్టంలో పెచ్చు కట్టినా గీజర్ పాడయ్యే మాట వాస్తవమే కదా మాస్టారూ. నీటిని పట్టించుకోకుండా గాలి ఒక్కదాని గురించే మాట్లాడితే సమస్య సగమే తీరుతుంది.

విజయనగరం నుంచి, మెకానిక్

మీ ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కానీ అడిగినాయనకు ముందు కావలసింది ఏది తాను చేసుకోవచ్చు, దేనికి మమ్మల్ని పిలవాలి అన్నది. సెల్లులు మార్చుకోవడం, చన్నీళ్లు లోపలికి వచ్చే చోట ఉండే చిన్న జాలిని విప్పి బ్రష్షుతో కడుక్కోవడం, సిలిండర్‌లో గ్యాసు ఉందో లేదో చూసుకోవడం, ఇవి ఎవరైనా చేసుకోవచ్చు. ఏ స్నానంలోనైనా సరిగ్గా ఇరవై నిమిషాలకే ఆగుతుంటే అది లోపం కాదు, చాలా గీజర్లలో ఆ టైమర్ ఉంటుంది. పసుపు మంట, మసి, వెలిగేటప్పుడు ఢప్పుమనే చప్పుడు, ఆగి ఆగి వెలగడం, స్నానం చేసినవారికి తల తిరగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పైమూత స్క్రూ కూడా విప్పకుండా పిలవాలి. బర్నర్ రంధ్రాలను సూదితో పొడిచి పెద్దవి చేసుకున్న ఇళ్లు నేను చూశాను. ఆ తరవాత మంటను దారికి తేవడం మా వల్ల కూడా కాదు.

గ్యాసు వాసనే వస్తే నా కోసం ఆగవద్దు. వంటగ్యాసు గాలి కన్నా బరువు కాబట్టి నేల మీదనే పరుచుకుంటుంది. స్విచ్చులు వేయకుండా, తీయకుండా, తలుపులన్నీ తెరిచి, వీలైతే వాల్వు కట్టి, బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయండి. సిలిండర్, రెగ్యులేటర్, గొట్టం వరకు మీ ఏజెన్సీ మనిషి చూస్తాడు. నారింజ రంగు గొట్టం మీద సంవత్సరం ముద్రించి ఉంటుంది, అయిదేళ్లు దాటితే మార్చండి.

మీ గీజర్ విషయంలో మసి దులిపి ఇచ్చి వెళ్లిపోతే నేను పని చేసినట్టు కాదు. దాన్ని బాత్‌రూమ్ గోడకు అవతల, వాన తగలని చోట బిగించి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తేవాలి. గోడ వెనక ఖాళీ ఉందా?

నరసన్నపేట నుంచి

వెనక పెరడు ఉంది, రేకుల వసారా కూడా ఉంది. వాల్వు కట్టేశాం. అట్ట తీసేశాం. అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లి ఇప్పుడే వచ్చాం. డాక్టరుగారికి మొదటి మాటగా గీజర్ సంగతే చెప్పాను. పరీక్ష చేసి, ఇప్పటికి భయం లేదని, తలనొప్పి మళ్లీ వస్తే వెంటనే రమ్మని అన్నారు. నిన్న ఆవిడ తరవాత లోపలికి వెళ్లవలసింది మా పాప. మంట ఆరిపోయిందని విసుక్కుంటూ పాపను పెరట్లోకి తీసుకువెళ్లి చన్నీళ్లతో స్నానం చేయించాను. రేపటికి నాన్నగారు పెరట్లో మూడు రాళ్లు పెట్టి కాగు ఎక్కిస్తున్నారు. విజయనగరం అన్నయ్యా, కనుమ మర్నాడు రాగలరా? అందరికీ ధన్యవాదాలు.

విజయనగరం నుంచి, మెకానిక్

కనుమ మర్నాడు ప్రయాణం చేయకూడదని మా ఇంట్లో పట్టింపు ఉంది. ఆ తరవాతి రోజు ఉదయం వస్తాను. గీజర్ నుంచి వసారా గోడకు దూరం ఎన్ని అడుగులో కొలిచి ఉంచండి, పైపు తెస్తాను.

ఆమదాలవలస నుంచి

వస్తున్నారు కాబట్టి ఆ రాగి గొట్టం లోపల పెచ్చు ఎంత ఉందో కూడా విప్పి చూసి ఇక్కడ రాయండి.