ఇయర్ 9 పిల్లలు, ఆప్షన్స్ ఫారం, మన ఆదుర్దా: దాటి వచ్చిన వారి అనుభవాలు కావాలి

వానచినుకు (రెడింగ్)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇక్కడ ఇంగ్లండులో ఇప్పుడు ఇయర్ 9 (పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల తరగతి) చదువుతోంది. వచ్చే సెప్టెంబరులో జీసీఎస్ఈ (ఇయర్ 11 చివర, పదహారేళ్ళ వయసులో రాసే పరీక్షలు) కోర్సులు మొదలవుతాయి కనుక ఏయే సబ్జెక్టులు తీసుకుంటుందో రాసి ఇచ్చే ఫారం ఫిబ్రవరి సెలవులు అయిపోయిన వారంలోనే పాఠశాలకు చేరాలి. ఇంగ్లీషు, గణితం, సైన్సు ఎటూ తప్పనిసరి. వాటికి తోడు నాలుగు ఎంచుకోమన్నారు, అందులో ఒకటి చరిత్ర గాని భూగోళం గాని అయి ఉండాలన్నారు. అమ్మాయి చరిత్ర, ఫ్రెంచి, డ్రామా, ఆర్ట్ అంటోంది. ట్రిపుల్ సైన్స్ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ విడివిడిగా), కంప్యూటర్ సైన్స్ లేకపోతే రేపు ఏ దారీ మిగలదని మా వారు అంటున్నారు. మూడు వారాలుగా మా ఇంట్లో రాత్రి భోజనాల వేళ ఇదే వాదన నడుస్తోంది.

నన్ను ఇంతకంటే ఎక్కువగా కలవరపెడుతున్న సంగతి మరొకటి ఉంది. ఏడాది క్రితం వరకు బస్సులో ఎవరి పక్కన కూర్చున్నదీ మొదలుకొని అన్నీ చెప్పిన పిల్ల, ఇప్పుడు బడి నుంచి రాగానే "బాగానే ఉంది" అని ఒక్క ముక్క చెప్పి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటోంది. తెనాలిలో ఉన్న మా నాన్నగారు ప్రతి ఆదివారం ఫోనులో "ఏ గ్రూపు తీసుకుంటోందమ్మా?" అని అడుగుతారు. ఆయనకు ఏమని చెప్పాలో నాకే తెలియడం లేదు. ఈ ఏడాదిని దాటి వచ్చిన వారు మీ ఇళ్ళలో ఏమి జరిగిందో చెప్పగలరా?

కృష్ణాతీరం (మిల్టన్ కీన్స్)

మీ నాన్నగారి ప్రశ్నలోనే మనందరి చిక్కు ఉందండి. మనం పదో తరగతి దాకా అందరితో పాటు అన్నీ చదివి, ఇంటర్‌లో ఎంపీసీ అంటే జీవశాస్త్రానికి, బైపీసీ అంటే లెక్కలకు దాదాపు శాశ్వతంగా నమస్కారం పెట్టిన వాళ్ళం. ఆ ఒక్క నిర్ణయం మీదే జీవితం నడిచింది కనుక, పదమూడేళ్ళ పిల్ల చేతిలో ఫారం కనిపించగానే మనకు గ్రూపే గుర్తుకు వస్తుంది. ఇక్కడ గ్రూపు లాంటి నిర్ణయం "ఏ లెవెల్స్" (మన ఇంటర్ లాంటి చదువు) దగ్గర, అంటే పదహారేళ్ళకు వస్తుంది. ఇయర్ 9 ఫారంలో అమ్మాయి ఏమి రాసినా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఆమెను వదిలిపెట్టవు. ట్రిపుల్ తీసుకోని వారు కూడా కంబైన్డ్ సైన్స్ పేరిట ఆ మూడూ చదువుతారు. తేడా ఏమిటంటే దానికి రెండు జీసీఎస్ఈలు వస్తాయి, ట్రిపుల్‌కు మూడు వస్తాయి. వైద్య విద్య కోరుకునే వారిని కంబైన్డ్‌తో తీసుకునే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి. మీ వారికి అనుమానంగా ఉంటే రెండు మూడు విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో ప్రవేశ నిబంధనలను ఆయననే స్వయంగా చదవమనండి. మా ఆవిడ నా చేత ఆ పనే చేయించింది గాని, అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆలస్యం ఎందుకైందో కూడా చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా పెద్దవాడు భూగోళం అడిగితే, "మ్యాపులు చూసి ఏమి చేస్తావు" అని తీసివేయించి ఆ స్థానంలో కంప్యూటర్ సైన్స్ పెట్టించాను. వాడు కీబోర్డు ముందు కూర్చుని ఆటలు తయారు చేస్తాడని నేను ఊహించుకున్నాను. తీరా చూస్తే మార్కులన్నీ రెండు రాతపరీక్షల్లోనే ఉన్నాయి. బైనరీ అంకెలు, మెమొరీ రకాలు, నెట్‌వర్క్ ప్రోటోకాల్స్, కాగితం మీద ఆల్గోరిథమ్‌లు, ఇవే దాని ప్రాణం. ఇష్టపడే పిల్లలకు అది చక్కని సబ్జెక్టే, కాని మా వాడికి అది నా సబ్జెక్టు. నవంబరు వచ్చేసరికి మారతానన్నాడు, అప్పటికి భూగోళం తరగతి నిండిపోయింది. రెండేళ్ళు ఈడ్చుకొచ్చాడు. పేరున్న చాలా విశ్వవిద్యాలయాలు కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి మొదట అడిగేది ఏ లెవెల్ లెక్కలని నాకు తరువాత తెలిసింది. ఇరవై ఏళ్ళుగా ఈ రంగంలోనే ఉన్న నేను ఆ సంగతి ముందుగా చూసుకోకపోవడం నాకే సిగ్గుగా అనిపించింది.

బడిమెట్లు (బర్మింగ్‌హామ్)

నేను ఒక సెకండరీ పాఠశాలలో గణితం చెబుతాను, కనుక బల్లకు అవతలి వైపు నుంచి కొంత చెప్పగలను. ఫారం గురించి తల్లిదండ్రులు పడే ఆందోళనలో పదో వంతు ఇయర్ 9 నోటుపుస్తకాల మీద పెడితే మా పని సగం తగ్గుతుంది. ఇయర్ 6లో, అంటే ప్రాథమిక బడి చివర, సాట్స్ అనే పరీక్షలు రాసిన తరువాత ఇయర్ 11 వరకు పిల్లలకు దేశవ్యాప్త పరీక్ష ఏదీ లేదు. ఇయర్ 7లో కొత్త బడి అనే భయం ఉంటుంది, ఇయర్ 10లో జీసీఎస్ఈ భయం ఉంటుంది, మధ్యలో ఈ ఏడాదికి ఏ భయమూ లేదు. తెలివైన పిల్లలు కూడా సరిగ్గా ఇక్కడే చేతులు వదిలేస్తారు. డ్రామా తీసుకున్నందువల్ల ఏ దారీ మూసుకుపోవడం నేను చూడలేదు. భిన్నాలు, నిష్పత్తులు, బీజగణితంలో పునాది కదిలిపోయి కింది సెట్‌లోకి (స్థాయిని బట్టి పిల్లలను విడదీసే తరగతి) జారినందువల్ల మూసుకుపోవడం మాత్రం ఏటా చూస్తున్నాను. గణితంలో ఫౌండేషన్ అనే తేలిక పేపరు రాసేవారికి ఎంత బాగా రాసినా గ్రేడ్ 5 మించి రాదు, హయ్యర్ అనే కష్టమైన పేపరు రాసేవారికే అన్నిటికంటే పై గ్రేడైన 9 వరకు అవకాశం ఉంటుంది. ఏ లెవెల్ గణితానికి చాలా సిక్స్‌త్ ఫారాలు (ఏ లెవెల్స్ చెప్పే విభాగాలు) 6 గాని 7 గాని అడుగుతాయి. ఎవరు ఏ పేపరు రాయాలన్న తుది నిర్ణయం ఇయర్ 11లో జరిగినా, అందుకు దారి తీసే సెట్లు చాలా బడుల్లో ఈ ఏడాది చివరి పరీక్షలతోనే కుదురుకుంటాయి.

ఇంట్లో మీరు పాఠం చెప్పనక్కరలేదు. మన పద్ధతిలో ఎక్కాలు, అడ్డగుణకారం చెబితే పిల్లలు మరింత తికమకపడటం నేను చూశాను. వారానికి ఒకసారి గణితం పుస్తకం తెరిచి, తప్పు పడిన ఒక్క లెక్కను చూపించి, ఎక్కడ దారి తప్పిందో మీకు వివరించమని అడగండి. మీకు అర్థం కానట్టు ఉంటే మరీ మంచిది. పేరెంట్స్ ఈవెనింగ్‌లో ఒక్కొక్క ఉపాధ్యాయుడి దగ్గర మీకు దొరికేవి అయిదు నిమిషాలే. "మా అమ్మాయి ఎలా చదువుతోంది" అని అడిగితే "బాగానే" అన్న జవాబుతో మూడు నిమిషాలు గడిచిపోతాయి. "ఏ రెండు పాఠ్యాంశాల్లో వెనుకబడింది, అవి మళ్ళీ ఎప్పుడు వస్తాయి" అని అడిగిన వారికి నేను కాగితం మీద రాసి ఇస్తాను.

ఇంకొక మాట కూడా నిష్ఠూరంగానే చెబుతున్నాను, మన్నించండి. మనవాళ్ళు లెక్కల ట్యూషన్‌కు వెనుకాడరు గాని ఇంగ్లీషును గాలికి వదిలేస్తారు. ఇంగ్లీషు సాహిత్యం పరీక్షలో షేక్స్‌పియర్ నాటకం ఒకటి, పందొమ్మిదో శతాబ్దపు నవల ఒకటి ఉంటాయి, పుస్తకం చేతిలో లేకుండా జవాబులు రాయాలి. ఫోనులో మూడు వాక్యాలకు మించి చదివే అలవాటు పోయిన పిల్లలకు ఇయర్ 10లో ఆ నవల కొండలా కనిపిస్తుంది. ఇప్పటి నుంచి రోజుకు ఇరవై నిమిషాలు ఏ పుస్తకమైనా చదివే పిల్లలకు అంత కష్టం ఉండదు.

ఆర్థర్‌సీట్ (ఎడిన్‌బరో)

స్కాట్లాండులో ఉన్నవారు పై లెక్కలను యథాతథంగా తీసుకోకండి. ఇక్కడ ఎస్1 నుంచి ఎస్3 వరకు, అంటే సెకండరీ మొదటి మూడేళ్ళు, అన్నీ కలిపిన సాధారణ విద్య, ఎస్4లో నేషనల్ 5 పరీక్షలు ఉంటాయి. జీసీఎస్ఈలు లేవు. మా కౌన్సిల్ పరిధిలోనే రెండు బడులు ఎంపికను రెండు వేర్వేరు సంవత్సరాల్లో పెట్టాయి. బంధువుల మాట కంటే బడి ఇచ్చే పుస్తకమే నమ్మదగినది.

పాలపిట్ట (సటన్)

ట్రిపుల్ సైన్స్ విషయంలో నేను కృష్ణాతీరం గారితో పూర్తిగా ఏకీభవించలేను. మా అమ్మాయి గ్రామర్ స్కూల్లో (ప్రవేశపరీక్షతో సీటు ఇచ్చే బడి) అది అందరికీ తప్పనిసరి, కనుక మాకు ఎంచుకునే అవసరమే రాలేదు. ఏ లెవెల్ కెమిస్ట్రీ మొదలైనప్పుడు ట్రిపుల్ చదివిన పిల్లలు మొదటి నెలల్లో కొంత తేలికగా నడిచారన్నది నేను కళ్ళారా చూసిన సంగతి. దారి మూసుకుపోదన్నది నిజమే. అయితే సైన్సు అంటే నిజంగా ఇష్టపడే పిల్లను, సులువు అన్న కారణంతో కంబైన్డ్‌కు పంపడం కూడా పొరపాటే అవుతుంది.

బడిమెట్లు (బర్మింగ్‌హామ్)

పాలపిట్ట గారి మాట న్యాయమైనదే. ఇష్టం ఉంటే ట్రిపుల్ మంచిదే. కొన్ని బడుల్లో దానికి ఒక ఆప్షన్ స్థానం ఖర్చవుతుంది, కొన్నింటిలో కాదు. ముందుగా అది కనుక్కోవాలి. మా బడి అనుసరించే ఏక్యూఏ అనే పరీక్షల బోర్డులో రెండు మార్గాల్లోనూ ఆరేసి పేపర్లే ఉన్నాయి, కంబైన్డ్‌లో ఒక్కొక్కటి గంటంబావు, ట్రిపుల్‌లో గంటా నలభై అయిదు నిమిషాలు. ఆ అరగంటలన్నిటి వెనుక ఉన్న అదనపు పాఠాలు ఇష్టం లేని పిల్లలకు బరువు అవుతాయి.

నిద్రగన్నేరు (స్లౌ)

వానచినుకు గారూ, ఫారం గురించి అందరూ చెప్పారు. మూసిన తలుపు గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను.

మా ఊళ్ళో పదేళ్ళ పిల్లల చేత ఎలెవన్ ప్లస్ అనే గ్రామర్ స్కూల్ ప్రవేశపరీక్ష కోసం శని, ఆదివారాలు కూడా చదివిస్తాం. మా అబ్బాయి విషయంలో మేమూ అంతే. గ్రామర్ స్కూల్లో సీటు వచ్చాక ఇక ఫరవాలేదని మేము చేతులు దులుపుకున్నాం, వాడు కూడా దులుపుకున్నాడు. ఇయర్ 9లో వాడి రిపోర్టు చూసి నేను మళ్ళీ టైంటేబుల్ గోడకు అంటించాను. ఆ రోజు నుంచి వాడు నాతో మాట్లాడటం మానేశాడు. పోట్లాడి ఉంటే కొంత నయంగా ఉండేది. అడిగిన దానికి జవాబు చెప్పేవాడు, అంతే.

మార్పు నా తెలివి వల్ల రాలేదు. మంగళవారం సాయంత్రాలు బ్యాడ్మింటన్‌కు కారులో దించి రావలసి వచ్చింది. చీకట్లో, ఒకరి ముఖం ఒకరు చూడనవసరం లేకుండా, ఇరవై నిమిషాల ప్రయాణం. మొదటి నెల పాటలు విన్నాం. రెండో నెలలో ఒక రోజు, తరగతిలో అందరికంటే వెనుక ఉన్నానని, ఎలెవన్ ప్లస్ పొరపాటున పాసయ్యానేమోనని తానే అన్నాడు. నేను ఏమీ అనకుండా బండి నడిపాను. "ఎందుకు ముందే చెప్పలేదు" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. ఆ మాట అని ఉంటే తరువాతి మంగళవారం మళ్ళీ పాటలే వినేవాళ్ళం.

నిద్ర సంగతి కూడా చూడండి. ఈ వయసుకు రాత్రి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు, మా వాడు ఆరు గంటలు కూడా పడుకునేవాడు కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్లన్నీ వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టాలన్న నియమం, మా ఇద్దరి ఫోన్లు కూడా అక్కడే పెట్టిన తరువాత గాని అమలు కాలేదు. బ్రాంజ్ డీఓఈలో (డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు అనే యువజన కార్యక్రమంలో మొదటి మెట్టు) చేర్చాం, అందులో వారానికి ఒక గంట చారిటీ దుకాణంలో పని చేశాడు. ఒక రాత్రి గుడారంలో పడుకుని తడిసి ముద్దయి వచ్చినప్పుడు కనిపించినంత ఉత్సాహం ఏ రిపోర్టు చూసినప్పుడూ వాడి ముఖంలో కనిపించలేదు.

ఆదివారం తెలుగు బడిని ఆప్షన్‌గా చూపించవచ్చా అని ఎవరో మరొక చర్చలో అడిగారు. ఉర్దూ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీలకు జీసీఎస్ఈ ఉంది, తెలుగుకు లేదు. అయినా మా వాడి చేత మాన్పించలేదు. తాతయ్యతో మాట్లాడటానికి పరీక్ష అక్కరలేదు కదా.

గోల్కొండగాలి (హైదరాబాదు, ఇంతకు ముందు కోవెంట్రీ)

వీసా విషయం తేలక తిరిగి వెళ్ళవలసి వస్తుందేమో అన్న అనుమానం ఉన్నవారికి ఒక్క సూచన చేస్తాను. మేము అమ్మాయి ఇయర్ 9 పూర్తి కాగానే తిరిగి వచ్చాం, అది అనుకోకుండా కలిసివచ్చింది. సీబీఎస్ఈలో 9వ తరగతిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది, నేరుగా 10లో చేరడం కష్టం. ఇయర్ 10 సగంలో వచ్చిన మా స్నేహితుల అబ్బాయికి, చదివిన కోర్సు చేజారి, ఐజీసీఎస్ఈ (జీసీఎస్ఈకి అంతర్జాతీయ రూపం) ఉన్న అంతర్జాతీయ పాఠశాల తప్ప గతి లేకపోయింది. ఆ ఫీజులు ఎలా ఉంటాయో మీకు తెలిసినదే. వచ్చే అవకాశం ఉన్నవారు హిందీని గాని, తెలుగును గాని ఈ ఏడాదే మెల్లగా మొదలుపెట్టించండి. లెక్కల్లో మా అమ్మాయి వెనుకబడుతుందని భయపడ్డాం, ఆమెను నిజంగా ఏడిపించింది ద్వితీయ భాష.

వానచినుకు (రెడింగ్)

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ ధన్యవాదాలు. ఫారం నిన్న సమర్పించాం.

మా వారు మూడు విశ్వవిద్యాలయాల నిబంధనలు చదివారు. చదివిన తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆప్షన్స్ ఈవెనింగ్‌లో డ్రామా ఉపాధ్యాయురాలు తమ బోర్డులో నూటికి నలభై మార్కులు రాతపరీక్షకు ఉన్నాయని చెప్పినప్పుడు ఆయన ముఖం కొంత తేటపడింది. ఆర్ట్‌లో నూటికి అరవై మార్కులు రెండేళ్ళ పాటు చేసే పోర్ట్‌ఫోలియోకే ఉంటాయని, ప్రతి వారాంతం దానికి పోతుందని ఇయర్ 11 అమ్మాయి ఒకతె చెప్పగా విని, మా అమ్మాయే దానిని తీసివేసి ట్రిపుల్ సైన్స్ రాసింది. మేము అడిగి ఉంటే రాసేది కాదని నాకు గట్టి నమ్మకం. చరిత్ర, ఫ్రెంచి, డ్రామా, ట్రిపుల్ సైన్స్. రిజర్వు స్థానంలో ఆర్ట్ పెట్టింది, వాళ్ళ నాన్నగారు కంప్యూటర్ సైన్స్ మాట ఎత్తలేదు.

మాకు బ్యాడ్మింటన్ లేదు గాని, గురువారం రాత్రి చపాతీలు ఒత్తడం నేను, కాల్చడం ఆమె అని పని పంచుకున్నాం. ఇంకా పాటల దశలోనే ఉన్నాం.

మొన్న ఆదివారం నాన్నగారు మళ్ళీ అదే ప్రశ్న అడిగితే ఫోను ఆమెకే ఇచ్చాను. "గ్రూపు లేదు తాతయ్యా, అన్నీ ఉన్నాయి" అని చెప్పింది. ఆయన కొంచెంసేపు ఆలోచించి, తెనాలి నాటకాల ఊరని, తన చిన్నతనంలో తెల్లవార్లూ మేలుకుని పద్యాలు విన్నానని, వేసవిలో వస్తే ఆమె వేషం చూస్తానని అన్నారు. వేసవిలోగా నేను చూడవలసిన పని మరొకటి ఉంది: జూన్‌లో గణితం సెట్ పరీక్ష ఉందట. బడిమెట్లు గారూ, అమ్మాయి నిష్పత్తుల్లో వెనుకబడిందని వాళ్ళ బడిలో అన్నారు, ఎక్కడి నుంచి మొదలుపెట్టించమంటారు?

బడిమెట్లు (బర్మింగ్‌హామ్)

చపాతీల దగ్గరే మొదలుపెట్టండి. నలుగురికి ఎంత పిండి అయితే ఏడుగురికి ఎంత అని అడిగి, జవాబు కంటే ముందు దారి చెప్పమనండి. ఆ తరువాత భిన్నాలు చూడండి, అవి రాకపోతే నిష్పత్తులు నిలబడవు.