గుక్క తిప్పుకోవడమా, గుక్క తిరగడమా?

ప్రశ్న: "గుక్క తిప్పుకోకుండా మాట్లాడాడు" అంటాం. "గుక్క తిరక్కుండా ఏడ్చాడు" అనీ అంటాం. ఏది సరైనదండీ?

జవాబు: రెండూ సరైనవేనండీ. కాకపోతే ఒకదాని చోట ఇంకొకటి అతకదు. తిప్పుకోవడం మనిషి చేసే పని, తిరగడం దానంతట అది జరిగేది. ఊపిరి కూడా అచ్చం ఇలాగే రెండు అధికారాల కింద నడుస్తుంది. నాటకంలో పద్యం చివర రాగం తీసేటప్పుడు, చెడుగుడులో కూత పెట్టేటప్పుడు మెదడు పైపొర చెప్పినట్టు ఊపిరి వింటుంది. మిగతా వేళల్లో, నిద్రలో కూడా, మెదడు అడుగున ఉండే మజ్జాముఖమే దాన్ని నడిపిస్తుంది.

కూత ఎంతసేపు సాగుతుంది? ఊపిరి బిగబట్టిన కొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, రక్తం ఆమ్లత పెరుగుతుంది. మజ్జాముఖాన్ని ముందుగా తొందరపెట్టేది ఇదే, ప్రాణవాయువు తగ్గడం కాదు. ఒక హద్దు దాటాక ఎంత పట్టుదల ఉన్నా గుక్క తిరిగి తీరుతుంది. బావుల్లో మునిగి పందేలు వేసుకునే పిల్లలకు ఇది తప్పక చెప్పాలి. మునిగేముందు గబగబా ఊపిరి పీల్చి వదిలితే కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తహతహ ఆలస్యంగా పుడుతుంది. ఈలోగా ప్రాణవాయువు అయిపోయి నీళ్లలోనే స్పృహ తప్పుతారు.

మరో జవాబు: నేను పిల్లల వార్డులో నర్సుని. పై మాటకు ఒకటి కలుపుతాను. గుక్కపట్టే పసివాణ్ణి మొండివాడు, పంతగాడు అంటే నాకు మనసొప్పదు. ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరంతా బయటికి వదిలేస్తాడు. నోరు తెరిచే ఉంటుంది, శబ్దం రాదు, పెదాలు నీలమవుతాయి, ఒక్కోసారి ఒళ్లు వాలిపోతుంది. అది వాడు కావాలని చేసేది కాదు. మామూలుగా నిమిషంలోపే గుక్క దానంతటదే తిరుగుతుంది. ఆ కాసేపూ పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టండి. కుదపొద్దు. పెద్దవాళ్లు కంగారులో "గుక్కెడు నీళ్లు పొయ్యండే" అంటారు, అస్సలు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరుకు చూపించి, రక్తంలో ఇనుము తక్కువేమో పరీక్ష చేయించండి. లోపం ఉన్న పిల్లల్లో ఐరన్ మందు వాడితే చాలామందికి గుక్కపట్టడం తగ్గుతుంది.