సమస్య: “చివరి యాల్బమె మొదటిదై చెలగె నౌర!” (1959 జాజ్ ఆల్బములు)

నిర్వాహకుడు

ఈ వారం సమస్య తేటగీతి పాదం.

*చివరి యాల్బమె మొదటిదై చెలగె నౌర!*

విషయం 1959 నాటి జాజ్. ఆ ఒక్క ఏడాది ఆల్బములకు వరుస కడుతూ పూరించాలి. వరుసలోకి వచ్చేవి నాలుగు: మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, చార్లెస్ మింగస్ ‘మింగస్ ఆ ఉమ్’, ఆర్నెట్ కోల్‌మన్ ‘ద షేప్ ఆఫ్ జాజ్ టు కమ్’, డేవ్ బ్రూబెక్ చతుష్టయం ‘టైమ్ అవుట్’. ఏది ఏ ఏటిదో తేల్చేది విడుదల తేదీ, రికార్డు చేసిన తేదీ కాదు. ఏ లెక్కలో చివరిదో, ఏ లెక్కలో మొదటిదో మొదటి మూడు పాదాల్లోనే తేలిపోవాలి. అది తేలకపోతే గణాలు ఎంత చక్కగా కుదిరినా సమస్య పరిష్కారం కానట్టే.

పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. ప్రాసయతి చెల్లుతుంది. ఇచ్చిన పాదాన్ని విడదీస్తే: చివరి (న), యాల్బమె (భ), మొదటిదై (నగ), చెలగె (న), నౌర (హ). యతి చి–చె.

పేర్లను గణాల్లోకి ఎక్కించే పద్ధతి ముందే చెబుతాను. ‘మైల్సు’ హగణం, సూర్యగణం స్థానంలో నేరుగా కూర్చుంటుంది. ‘మింగసు’, ‘బ్రూబెకు’ భగణాలు. ‘కోల్ట్రేను’ తగణం. ‘స్టూడియో’ రగణం. చిక్కంతా ‘రికార్డు’, ‘పియానో’లతోనే. మొదట లఘువు, వెంటనే గురువు. జగణ యగణాలు తేటగీతిలో లేవు. అందుకని ఆ మొదటి లఘువును ముందు గణానికి అప్పగించాలి. పాదం చివర ‘ఆ రికార్డు’ అంటే ఆరి–కార్డు, రెండు హగణాలు. పొల్లుతో ‘ఆల్బమ్’ అని రాస్తే రెండూ గురువులే అవుతాయి, కనుక ‘ఆల్బము’, ‘ఆల్బమె’ అనండి.

తిశ్రగతి

*ఐదు మాత్రల నడకతో నలరు పాట*
*వత్సరపు కడపటి నెల బయలువెడలి*
*లక్షలు పదియు నమ్ముడై లాస్యమాడె;*
*చివరి యాల్బమె మొదటిదై చెలగె నౌర!*

నిర్వాహకుడు

తిశ్రగతి గారూ, రెండో పాదం ఎంతో సహజంగా వచ్చింది. ‘టైమ్ అవుట్’ విడుదల 1959 డిసెంబరు 14. నాలుగింటిలో ఆఖరిది అదే. పది లక్షల ప్రతులు అమ్ముడైన తొలి జాజ్ ఆల్బమ్‌గా పేరు కూడా దానిదే. చివరికీ మొదటికీ లెక్క కుదిరింది.

రెండు సవరణలు. ‘లాస్యమాడె’ యతి కోసం తెచ్చిన మాట, అమ్మకాలకు లాస్యమేమిటి? ర–ల యతిమైత్రి ఉంది కదా, ‘రాణకెక్కె’ అనండి. ఇక ఐదు మాత్రల నడక ఒక్క ‘టేక్ ఫైవ్’దే, ఆల్బమ్ మొత్తానిది కాదు. మొదటి పాట ‘బ్లూ రోండో ఆ లా టర్క్’ తొమ్మిది మీద నడుస్తుంది, అదీ మూడేసి మూడు కాదు: తక తక తక తకిట అని మూడుసార్లు వచ్చి, నాలుగోసారి తకిట తకిట తకిట. పద్యంలో ఆ తొమ్మిది కూడా ఉండాలి.

ధైవతం

గురువు గారూ, ‘టేక్ ఫైవ్’ను ఖండచాపు అనుకోవచ్చా?

నిర్వాహకుడు

మాత్రల మొత్తం అంతే, విరుపు వేరు. ఖండచాపు తక తకిట, అంటే రెండు, మూడు. ‘టేక్ ఫైవ్’ తకిట తక: మూడు, రెండు. పియానో ఊనిక మొదటి మాత్ర మీదా నాలుగో మాత్ర మీదా పడుతుంది. ఖండచాపు వేస్తూ వింటే రెండో దెబ్బ ప్రతి ఆవృతంలోనూ ఒక మాత్ర ముందే పడిపోతుంది. పాట మనల్ని తోసుకుపోతున్నట్టు ఉంటుంది. ఒకటి, నాలుగు లెక్కన తట్టి చూడండి. ఆ పాట కూర్చింది ఆల్టో సాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్, బ్రూబెక్ కాదు.

తిశ్రగతి

ధన్యవాదాలు గురువు గారూ. సవరించిన పాదాలు:

*ఐదు తొమ్మిది లయలతో నలరు కూర్పు*
*వత్సరపు కడపటి నెల బయలువెడలి*
*లక్షలు పదియు నమ్ముడై రాణకెక్కె;*

నిర్వాహకుడు

‘కూర్పు’ అనడంతో పాటకు బదులు ఆల్బమ్ కర్త అయింది. ఇప్పుడు లోపం లేదు.

ఆరోహణ

*ఐదు నాలుగు మూడు రెం డనుచు జదివి*
*క్రిందనుండియె పైకెక్కు కేళి యిద్ది;*
*కట్టకడపటి పేరుకే గద్దె దక్కె;*
*చివరి యాల్బమె మొదటిదై చెలగె నౌర!*

నిర్వాహకుడు

ఆరోహణ గారూ, ఛందస్సులో వేలు పెట్టే చోటు లేదు. ‘కట్టకడపటి’కి ‘గద్దె’ యతి వినసొంపుగా ఉంది. కానీ ఈ పద్యం ఏ పోటీ ఫలితాలకైనా అతుకుతుంది. సంగీతం ఎక్కడ? గద్దె ఎవరికి దక్కిందో చెప్పండి. మూడో పాదంలో రగణం మార్చితే చాలు. పైగా మన వరుసలో నాలుగే ఉన్నాయి, మీరు ఐదు నుంచి మొదలుపెట్టారు.

ఆరోహణ

*నాల్గు మూడును రెండును నడుమ జదివి*
*క్రిందనుండియె పైకెక్కు కేళి యిద్ది;*
*కట్టకడపటి మైల్సుకే గద్దె దక్కె;*

నిర్వాహకుడు

‘మైల్సుకే’ అచ్చంగా రగణం. ఆ ఒక్క మాటతో పద్యానికి ప్రాణం వచ్చింది. మొదటి పాదంలో ‘నడుమ’ మాత్రం యతికోసమే ఉంది. ‘నయము మీర’ అనండి: న, హ గణాలు సరిపోతాయి, అర్థానికీ అడ్డు రాదు.

గద్దె మైల్స్‌కే ఎందుకంటే, ఆ ఆల్బమ్‌లో తీసేయడానికి ఏమీ మిగల్లేదు. ‘సో వాట్’ ముప్పైరెండు బార్ల (నాలుగేసి మాత్రల ఆవృతాల) పాట. మొదటి పదహారు బార్లు ఒకే స్వరశ్రేణి. తర్వాత ఎనిమిది బార్లు అదే శ్రేణిని అరస్వరం పైకి జరిపి. చివరి ఎనిమిది మళ్లీ మొదటి చోటికి. ఆ శ్రేణి స్వరాలు మన ఖరహరప్రియవే. గమకం లేదు, రాగసంచారం లేదు కనుక అది రాగం కాదు, మెట్లు మాత్రం అవే. కార్డులు (ఒకేసారి కలిపి పలికించే స్వరాలు) మారకపోతే వాయించేవాడికి దాక్కునే చోటు ఉండదు, వాక్యం కట్టి తీరాలి. మైల్స్ సోలోలో రెండు వాక్యాల మధ్య నిశ్శబ్దం ఎంతసేపు ఉందో లెక్కపెట్టండి. అక్కడ పాల్ చేంబర్స్ బాస్ నడుస్తూనే ఉంటుంది.

నా వరుస: కైండ్ ఆఫ్ బ్లూ, షేప్ ఆఫ్ జాజ్, టైమ్ అవుట్, మింగస్. వాదించేవారు పద్యంతో వాదించండి.

వాయులీనం

*మందగతి టేపు దిరుగగా మారె శ్రుతియు;*
*మొదటి పక్కను బాటలు ముందుకురికె;*
*తొంబదియు రెండులో గదా తొలగె దప్పు;*
*చివరి యాల్బమె మొదటిదై చెలగె నౌర!*

ధైవతం

‘మారె శ్రుతియు’లో ‘శ్రు’ ముందున్న ‘రె’ గురువు కాదా? అప్పుడు గణభంగం కదా?

నిర్వాహకుడు

కాదండీ. ‘మారె’ తెలుగు క్రియ, ‘శ్రుతి’ వేరే పదం. తెలుగు పదం చివరి హ్రస్వం, తర్వాతి పదం సంయుక్తాక్షరంతో మొదలైనా లఘువుగానే ఉంటుంది. ‘మధురశ్రుతి’ లాంటి సంస్కృత సమాసమైతే ‘ర’ గురువవుతుంది.

విషయం నిజమే, చాలామందికి తెలియనిది కూడా. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ మొదటి పక్కనున్న మూడు పాటలూ 1959 మార్చి 2న న్యూయార్క్‌లో కొలంబియా సంస్థ 30వ వీధి స్టూడియోలో రికార్డయ్యాయి. అంతకుముందు అది చర్చి. ఆ రోజు టేపు యంత్రం కాస్త మెల్లగా తిరిగింది. మెల్లగా తిరిగే టేపు మీద ఎక్కించిన దాన్ని మామూలు వేగంతో వినిపిస్తే శ్రుతి హెచ్చుతుంది, నడకా హెచ్చుతుంది. ఏప్రిల్ 22న రికార్డు చేసిన రెండో పక్కలో ఈ తేడా లేదు. పాత రికార్డుతో కలిసి వాయించబోతే మొదటి పక్కకు వాద్యం శ్రుతి పెంచి, రెండో పక్కకు దించాల్సి వస్తుంది. 1992 ముద్రణలో దీన్ని సరిచేశారు.

పద్యానికి వస్తే, మీ ‘చివరి’ నిలవడం లేదు. 1992 తర్వాత కూడా ఎన్నో ముద్రణలు వచ్చాయి. పైగా మీరు చెబుతున్నది ముద్రణ, సమస్య అడిగేది ఆల్బమ్. సమాచారానికి మెచ్చుకుంటున్నాను, పూరణగా ఒప్పుకోలేను.

మంద్రం

*అరువదవ యేట వెలువడె నైనగాని*
*మునుపటేటి డిసెంబరున్ ముగిసెను బని*
*యేటి పట్టిక మారగా నెదురులేక*
*చివరి యాల్బమె మొదటిదై చెలగె నౌర!*

జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ ‘జైంట్ స్టెప్స్’ గురించి.

నిర్వాహకుడు

మంద్రం గారూ, నా నియమాన్నే ఆసరా చేసుకుని పూరించారు, సంతోషం. ఆ ఆల్బమ్‌లో ఎక్కువ భాగం 1959 మే నెలలో, ‘నైమా’ డిసెంబరు 2న రికార్డయ్యాయి, విడుదల 1960లో. పాత ఏటి వరుసలో చిట్టచివర నిలవాల్సింది కొత్త ఏటికి మొదట నిలిచింది.

‘మునుపటేటి డిసెంబరున్’ విడదీస్తే మునుప–టేటిడి–సెంబరున్: న, భ, ర. డిసెంబరులోని మొదటి లఘువును ముందు గణంలో కలిపేశారు. రికార్డు, పియానోల గురించి నేను చెప్పిన పద్ధతి ఇదే. ‘ఎదురులేక’ మాత్రం ఊతపదం. ‘ఎక్కె మెట్లు’ అనండి. ఆల్బమ్ పేరే పెద్ద మెట్లు కదా!

‘సో వాట్’ పక్కన ‘జైంట్ స్టెప్స్’ పాట పెట్టి వినడం మంచి అభ్యాసం. అక్కడ ముప్పైరెండు బార్లకు రెండే శ్రేణులు; ఇక్కడ పదహారు బార్లకు ఇరవయ్యారు కార్డులు, మహావేగంలో. ఆధారస్వరం మూడు చోట్ల మారుతూ ఉంటుంది, ఒక్కో చోటికీ మధ్య అంతరగాంధారం దూరం. పియానో సోలోలో టామీ ఫ్లానగన్ వాక్యాలు తెగి, ఒట్టి కార్డులు మిగలడం స్పష్టంగా వినిపిస్తుంది. రెంటిలోనూ బాస్ పాల్ చేంబర్స్‌దే, రెంటిలోనూ టెనర్ సాక్సోఫోన్ కోల్ట్రేన్‌దే.

మంద్రం

*యేటి పట్టిక మారగా నెక్కె మెట్లు;*

సవరించుకున్నాను గురువు గారూ. నమస్సులు.

ధైవతం

*మెట్లవాద్యము లేదయ్యె మేళమందు;*
*ప్లాస్టికున జేసినట్టి యా బాక యొకటి;*
*నాడు నవ్విరి; నేడద్ది నడచు బాట;*
*చివరి యాల్బమె మొదటిదై చెలగె నౌర!*

నిర్వాహకుడు

మొదటి పాదం చాలా బాగుంది. పియానోను తప్పించుకోవడానికి ‘మెట్లవాద్యం’ చక్కని తోవ. ఆర్నెట్ మేళంలో పియానో లేకపోవడమే అసలు సంగతి. కార్డులు చెప్పేవారు లేరు కనుక, సోలో ఎటు తిరిగితే చార్లీ హేడెన్ బాస్ అటు తిరుగుతుంది. ‘లోన్లీ వుమన్’లో కింద డ్రమ్స్ పరుగెడుతుంటే పైన పాట నింపాదిగా సాగుతుంది, రెండిటినీ ఒకే తాళంలో ఇరికించి వినకండి.

రెండో పాదంలో వాద్యం తప్పింది. బాకా అంటే ట్రంపెట్ జాతి. ప్లాస్టిక్‌ది ఆర్నెట్ వాయించిన ఆల్టో సాక్సోఫోన్. బాకా జాతికి చెందిన కార్నెట్ డాన్ చెర్రీది. మూడో పాదంలో ‘నవ్విరి’ అంటే అందరూ నవ్వినట్టుంది. పియానో విద్వాంసుడు జాన్ లూయిస్ లాంటివారు మొదటినుంచీ అండగా ఉన్నారు. అదీకాక, ‘చివరి’ ఎక్కడుంది?

ధైవతం

*ప్లాస్టికుది సాక్సు; దానితో బాడె నతడు;*
*నాడు వెనుకకు నెట్టిన నాద మిదియె;*

నిర్వాహకుడు

‘వెనుకకు నెట్టిన’ అనడంతో చివరి స్థానం తేలింది. బాగు బాగు.

వాయులీనం

మీ వరుస మీద నా వాదం:

*కత్తెరకు జిక్కి మింగసు కథ ముగియగ*
*నయిదవది యంచు దలచిరి యంకెలందు;*
*కోసినవి వచ్చి కూడగా గొత్త వెలుగు!*
*చివరి యాల్బమె మొదటిదై చెలగె నౌర!*

మొదటి ఎల్పీలో పాటలు కత్తిరించి వేశారు. ‘బర్డ్ కాల్స్’ అందులో మూడు నిమిషాల పైచిలుకు. పూర్తిది ఆరు నిమిషాలు దాటుతుంది. పోయినవి ఎక్కువగా సోలోలే. సాక్సోఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ 1959 మార్చి 15న పోయాడు. ఆయన కోసం మింగస్ కట్టిన ‘గుడ్‌బై పోర్క్ పై హ్యాట్’ మీద కూడా కత్తెర పడింది.

నిర్వాహకుడు

వాయులీనం గారూ, ‘కత్తెరకు జిక్కి మింగసు కథ ముగియగ’ ఈ వారం వచ్చిన పాదాలన్నిటిలోనూ మేలైనది. రెండో పాదమే సవరించాలి. మన వరుసలో ఐదోది లేదు. ‘తలచిరి’ ఎవరు? నాలుగో చోట పెట్టింది నేనొక్కడినే. ‘నాలుగవ దంచు దలచుట న్యాయ మగునె’ అనండి. నా–న్యా యతి, ‘ట’ లఘువే, పైన చెప్పిన సూత్రం ప్రకారం. ‘ముగియగ’ తర్వాత అచ్చు కూడా రాదు.

వినబోయేవారు కొనేముందు పాటల నిడివి చూసుకోవాలి. ‘బర్డ్ కాల్స్’ మూడు నిమిషాల్లో ముగిస్తే అది కత్తిరించిన ప్రతి, ‘మింగస్ ఆ ఉమ్’కు దాన్నిబట్టి స్థానం ఇవ్వకూడదు. నేను నాలుగో స్థానం ఇచ్చింది పాటలు ఊపందుకోకముందే ముగుస్తున్నాయని. పూర్తి నిడివిలో ఆ లోపం లేదు. మొదటి స్థానం మైల్స్‌కే ఉంచుతూ మింగస్‌ను రెండుకు తెచ్చాను. ఆర్నెట్ మూడు, బ్రూబెక్ నాలుగు.

వాయులీనం

*కత్తెరకు జిక్కి మింగసు కథ ముగియగ*
*నాలుగవ దంచు దలచుట న్యాయ మగునె?*
*కోసినవి వచ్చి కూడగా గొత్త వెలుగు!*
*చివరి యాల్బమె మొదటిదై చెలగె నౌర!*

రెండుతో ఒప్పుకోను గురువు గారూ, పద్యం మొదటిదనే అంటోంది.