పండుగప్పకు కయాక్ మీద రాడ్: 6 అడుగులా, 7 అడుగులా?

తూర్పుపాయ:
కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) 10 అడుగుల 6 అంగుళాలు, పైన కూర్చునే సిట్-ఆన్-టాప్ రకం. సీటు నీటికి జానెడు పైన ఉంటుందండి. గోదావరి పాయల్లో, మొగ (నది సముద్రంలో కలిసేచోటు) దగ్గర మడచెట్ల అంచున గాలంతో పండుగప్ప చేప పట్టడానికి రాడ్ కావాలి. చేప 2 నుంచి 5 కిలోలు అనుకోండి. 4000 సైజు స్పిన్నింగ్ రీల్, 20 పౌండ్లు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన లైన్) ఉన్నాయి. షాపులో 6 అడుగులదీ, 7 అడుగులదీ రెండూ మీడియం హెవీ (కాస్త గట్టివి), ఫాస్ట్ యాక్షన్ (కొస దగ్గరే వంగేవి), ఒకే ధర. కయాక్‌కి పొట్టిదే మేలని కొందరు, 7కి తగ్గొద్దని కొందరు. కొనేది ఒక్కటే. ఊరికే ఇది కొను అనకుండా ఎందుకో చెప్పండి.

మొగదగ్గర:
7 అడుగులు. ఎందుకంటే అణియం. పడవ ముందు కొసను మావైపు అలాగే అంటారు. కుడి పక్కన కొట్టిన చేప కయాక్ కిందనుంచి ఎడమకు దూరిందంటే, రాడ్ కొసను అణియం చుట్టూ తిప్పి అవతలికి తేవాలి. తేలేకపోతే బ్రెయిడ్ కయాక్ అడుగుకు ఒరుసుకుంటుంది, లేదా రాడ్ అంచు మీద వాలి విరుగుతుంది.

లెక్క చూడండి. మీ కయాక్‌లో కూర్చున్నచోటు నుంచి అణియం దాకా దాదాపు 5న్నర, 6 అడుగులుంటుంది. టేపు పెట్టి కొలుచుకోండి. 7 అడుగుల రాడ్‌లో రీల్‌కి వెనక అడుగు పోతే ముందుకు 6 అడుగులు, అంటే 72 అంగుళాలు. చేప లాగుతుంటే రాడ్ వంగి అందులో మూడోవంతు పోయిందనుకుందాం, 48 మిగులుతుంది. చెయ్యి చాపి ముందుకు వంగితే ఇంకో 22. మొత్తం 70 అంగుళాలు, అణియం చుట్టూ దాదాపు తిరుగుతుంది. అదే 6 అడుగులదైతే 60లో మూడోవంతు పోగా 40, చెయ్యి 22, మొత్తం 62. అణియానికి అరచెయ్యంత ముందే ఆగిపోతారు.

చెరువుగట్టు:
లెక్క మంచిగనే ఉందన్నా, కానీ కయాక్ నీళ్లల్ల మేకు కొట్టినట్టు ఉండదు కదా. ఖాళీ కయాక్ 25, 30 కిలోలే. 4 కిలోల చేప పక్కకు గుంజితే అణియమే దానివైపు తిరుగుతది. రాడ్‌ను నువ్వు తిప్పేటంత పని ఉండదు. కొసను అర మూర నీళ్లల్ల ముంచి పట్టుకుంటే బ్రెయిడ్ అడుగుకు తగలదు, పడవే తిరిగొస్తది.

ఇంకోటి. నీటి మీద తేలే ల్యూర్‌ను, అంటే ఉత్తుత్తి ఎరను, అటూ ఇటూ నడిపియ్యాలంటే రాడ్ కొస కిందికి చూడాలె. జానెడు ఎత్తు సీట్ల కూసుంటే 7 అడుగుల కొస నీళ్లను తపతప కొడతది. చేప అక్కడే బెదురుతది. 6 అడుగులది గట్ల కాదు. కొర్రమీనుకు కప్ప ల్యూర్ ఆడించేటోళ్లకు ఇది తెలుసు.

చేప పక్కకొచ్చినంక సంగతి అసలైంది. కూసుని ఒక చేత్తో వల, ఒక చేత్తో 7 అడుగుల రాడ్. చేప చేతికి అందనంత దూరంల ఉంటది. అందుకోవాలని రాడ్‌ను నిట్టనిలువుగ లేపుతరు, కొస పటుక్కుమంటది.

మొగదగ్గర:
పడవ తిరిగేది వదిలేసి ఉన్నప్పుడు. పాటు నీరు సముద్రంవైపు లాగుతుంటే లంగరు వెయ్యకుండా మడచెట్ల పక్కన నిలబడగలరా? లంగరు అమరం దగ్గర, అంటే వెనక కొసన కట్టినప్పుడు అణియం దిగువకే చూస్తుంది. చేప పక్కకు లాగినా పడవ తిరగదు, లంగరు తాడు తిరగనివ్వదు. అప్పుడు చేప కిందనుంచి దూరితే రాడ్ పొడవే దిక్కు. చేప లంగరు తాడు వైపు వెళ్లిందా, అది వేరే కష్టం. తాడుకి చిన్న బూయ్ కట్టి, చేప తగలగానే లంగరు వదిలేసి వెళ్లిపోవాలి, తరువాత వచ్చి తీసుకోవాలి.

చేప పడవవైపే దూసుకొచ్చినప్పుడూ అంతే. ఒక్క ఊపులో 7 అడుగులది ఎక్కువ లైన్ వెనక్కి లాగుతుంది. సడలు వస్తే పండుగప్ప గాల్లోకి ఎగిరి తల విదిలిస్తుంది, కొక్కెం జారిపోతుంది.

విరిగినకొస:
రాడ్లు బాగుచేసే పని కాబట్టి విరిగే సంగతి మాత్రం చెప్తాను. నిట్టనిలువుగా లేపడం వల్ల కొస పోతుందన్నది నిజమే, కానీ తప్పు పొడవుది కాదు. రాడ్ బరువు మొయ్యడానికి కింద లావు భాగం ఉంది. చేప నేరుగా కింద ఉండగా రాడ్ నిలువు దాటి వెనక్కి పోతే, బరువంతా పై అడుగు మీదే పడుతుంది. 6 అడుగులదైనా అలాగే విరుగుతుంది.

చేతి వలతో చేపను అందుకునే పద్ధతి: కొస నుంచి చేప దాకా రాడ్ పొడవంత లైన్ బయట వదలండి. 7 అడుగుల రాడ్‌కి 6న్నర, 7 అడుగులు. రీల్ తిప్పడం ఆపండి. రాడ్ పట్టిన చెయ్యిని వెనక్కీ, అవతలి పక్కకీ చాపండి, చేప తనంతట పక్కకి జారి వస్తుంది. వలను ముందే నీళ్లలో పెట్టి చేప తలను అందులోకి లాగండి. వలతో చేపను వెంటాడొద్దు. మీ తల కయాక్ అంచు దాటి బయటికి వెళ్లకూడదు, వెళ్తే ముందు మీరే నీళ్లలో ఉంటారు.

ఇక్కడే లీడర్ (బ్రెయిడ్ చివర కట్టే మందపాటి లైన్) ముడి గుర్తుపెట్టుకోండి. డబుల్ యూని లాంటి లావు ముడి వేసి, లీడర్ 5, 6 అడుగులు కట్టేవాళ్లున్నారు. చేప పక్కకొచ్చేసరికి ఆ ముడి సరిగ్గా కొస గైడ్‌లో (లైన్ దూరే రింగులో) ఇరుక్కుంటుంది. అప్పుడు చేప మళ్లీ పరిగెత్తితే లైనో, గైడో పోతుంది. లావు ముడైతే లీడర్ 2 నుంచి 3 అడుగులు చాలు. పొడుగు లీడర్ కావాలంటే ఎఫ్‌జీ ముడి నేర్చుకోండి, సన్నగా ఉంటుంది, గైడ్లలోంచి జారిపోతుంది.

"ఏమీ బరువు లేకుండానే విరిగింది" అని వచ్చే రాడ్లకు ఎక్కువగా పాత దెబ్బ ఉంటుంది. హోల్డర్‌లో ఊగుతూ జిగ్ (బరువు తల ఉన్న ల్యూర్) తల బ్లాంక్‌ను, అంటే రాడ్ కర్రను, కొట్టడం, తెడ్డు తగలడం. కార్బన్‌లో గోటిగీరంత గాటు చాలు. తక్కువ అనుభవం ఉన్నవాళ్లకు, కయాక్ మీద, అగ్లీ స్టిక్ లాంటి గ్లాస్-కార్బన్ కలగలుపు రాడ్ మేలు. బరువెక్కువే, కానీ దెబ్బ తట్టుకుంటుంది.

హ్యూస్టన్_ఉప్పునీరు:
టెక్సాస్ తీరంలో కయాక్ మీద రెడ్‌ఫిష్ పట్టేవాళ్లు ఎక్కువగా 7 అడుగుల మీడియం, ఫాస్ట్ రాడ్లే వాడతారు. కానీ అక్కడ గడ్డి మైదానంలాంటి లోతులేని నీరు, ఇలాంటి మడవేళ్లు తక్కువ. అందుకని అదే మీకు సరిపోతుందని చెప్పను. మడవేళ్లలో పండుగప్పకు మీడియం హెవీయే ఉండాలి. రాడ్ మీద రాసిన ల్యూర్ బరువు 10 నుంచి 30 గ్రాముల మధ్య ఉందో లేదో చూడండి. దవడ ఆకురాయిలా గరుకు, మొప్ప మూత అంచు కత్తి, కాబట్టి లీడర్ 40 పౌండ్లు.

పొడవు గురించి ఇంత వాదించుకుంటూ డ్రాగ్ (చేప లాగితే రీల్ ఎంత బరువుకు లైన్ వదలాలో పెట్టే బిగింపు) మాట ఎవరూ ఎత్తలేదు. 20 పౌండ్లంటే 9 కిలోలు. డ్రాగ్ అందులో నాలుగోవంతు నుంచి 30 శాతం, అంటే 2.3 నుంచి 2.7 కిలోలు. చేతి అంచనా వద్దు, లైన్‌కి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి చూడండి. వేళ్లలోకి పోనివ్వకూడదని డ్రాగ్ బిగించేస్తే, మీరు గట్టు మీదుంటే చేప ఆగుతుంది. కయాక్ మీద చేప ఆగదు, మీరే కదిలి మడచెట్లలోకి వెళ్తారు. చెట్ల అంచుకు 10, 15 మీటర్లు దూరంగా ఉండి, అణియం బయటి నీటివైపు పెట్టి పక్కకు విసరండి. చేప తగలగానే తెడ్డుతో ఒక్క తోపు బయటికి, తరువాతే రీల్.

కొక్కెం బిగించేటప్పుడూ ఇదే చిక్కు. మీరు లాగితే కయాక్ చేపవైపు కొంచెం జారుతుంది, ఆ మేరకు దెబ్బ తగ్గుతుంది. రాడ్‌ను పైకి కాకుండా పక్కకి, నీటికి సమాంతరంగా, నిండుగా లాగండి. దీనికి పొడుగు రాడ్ నయం.

చెరువుగట్టు:
సరే, లంగరు మాట ఒప్పుకుంటున్న. మరి కొమ్మల కింద 7 అడుగుల రాడ్ హోల్డర్ల నిలబెట్టి పోతే ఏమైతది? 6 అడుగుల 6 అంగుళాలు తీసుకుంటే అటూ ఇటూ కాకుండ సరిపోతది కదా.

మొగదగ్గర:
అటూ ఇటూ కాకుండా అంటే రెండు వైపులా సగం సగం నష్టం. కొమ్మలొస్తే రాడ్ పడుకోబెట్టాలి, 6 అడుగులదైనా అంతే. కాలవల మీద కిందికి వేలాడే కరెంటు తీగలున్నచోట మరీ ముఖ్యం. కార్బన్‌లో కరెంటు పారుతుంది, తీగ దగ్గరికొచ్చినా ప్రమాదమే. ఉరుము వినబడితే రాడ్లన్నీ కిందికి, మీరు గట్టుకి.

తూర్పుపాయ:
అందరికీ ధన్యవాదాలండి. కొలిచాను, సీటు నుంచి అణియం దాకా 68 అంగుళాలు. షాపులోవి కూడా కొలిచాను. 7 అడుగులదానికి రీల్‌కి వెనక పిడి 13 అంగుళాలు, 6 అడుగులదానికి 9.

హ్యూస్టన్_ఉప్పునీరు:
13 అయితే ఆ రాడ్ గట్టు మీద నిలబడి రెండు చేతులతో విసిరేవాళ్లది. కూర్చుని లైఫ్ జాకెట్ వేసుకుంటే పిడి కొస ప్రతి విసురుకీ జాకెట్ జేబుకో, సీటు పట్టీకో తగులుతుంది. రీల్ తిప్పేటప్పుడు మోచేయి బయటికి పోతుంది. 7 నుంచి 9 అంగుళాల వెనక పిడి ఉన్న 7 అడుగులది వెతకండి. షాపులో నిలబడి చూడొద్దు. జాకెట్ తీసుకెళ్లి, నేల మీద కాళ్లు చాపి కూర్చుని, రాడ్‌ను కుడి నుంచి ఎడమకు నాలుగుసార్లు తిప్పండి. అప్పుడే తెలుస్తుంది.

తూర్పుపాయ:
ఆ 13 అంగుళాలదాన్నే కోయించుకోవచ్చా?

విరిగినకొస:
కోయవచ్చు. వేడినీళ్లలో ఉంచితే కింది మూత వదులవుతుంది. కోసేచోట టేపు గట్టిగా చుట్టి, సన్నపళ్ల రంపంతో నిదానంగా తిప్పుతూ కోసి, ఎపాక్సీతో మూత మళ్లీ అతికించాలి. కార్బన్ పొడి పీల్చకూడదు, మాస్కు తప్పనిసరి. 4 అంగుళాలు పోతే రాడ్ ముందుకి తూగుతుంది, రోజంతా పట్టుకుంటే మణికట్టు లాగుతుంది. పొడవూ 6 అడుగుల 8కి దిగుతుంది. వారంటీ కూడా పోతుంది.

చెరువుగట్టు:
చూసిండ్రా? 7 అడుగులది కొని, కోసి, 6 అడుగుల 8 చేసుకునుడు. నేను 6 అడుగుల 6 అంటే మాత్రం సగం సగం నష్టమన్నరు.