‘ప్రజా ప్రయోజన ఒప్పందం’ సరైన మాటేనా?

ప్రశ్న: నగరం నడిబొడ్డున కట్టే పెద్ద ప్రాజెక్టుకు ప్రభుత్వ సొమ్మో పన్ను మినహాయింపో ఇచ్చేటప్పుడు, చుట్టుపక్కల జనానికి ఏం చెయ్యాలో బిల్డరు చేత రాయించుకుంటారు. అమెరికాలోని డెట్రాయిట్ నగర ఆర్డినెన్సు (నగరం వరకే వర్తించే చట్టం) మీద తర్జుమా చేస్తున్న వ్యాసంలో దీన్ని ‘ప్రజా ప్రయోజన ఒప్పందం’ అన్నాను. కుదురుతుందా?

జవాబు: ‘ప్రజా ప్రయోజనం’ వద్దండీ. భూసేకరణ నోటీసుల్లో పాతుకుపోయిన మాట అది. పొలం తీసుకోవడానికి సర్కారు చూపే కారణం. ఇక్కడ సాయం పొందినవాళ్లు బదులుగా చెయ్యాల్సింది. ‘స్థానికులకు మేలు’ అనండి.

జవాబు: నాకు ‘ఒప్పందం’ దగ్గరే అభ్యంతరం. లాస్ ఏంజెలెస్‌లో 2001లో స్టేపుల్స్ సెంటర్ అనే క్రీడా ప్రాంగణం పక్కన కట్టదలచిన వినోద సముదాయం విషయంలో స్థానిక సంఘాల కూటమే బిల్డరుతో సంతకం చేసింది. ఇళ్లలో 20 శాతం తక్కువ ఆదాయం వారికి, పార్కులకు కనీసం 10 లక్షల డాలర్లు, ఉద్యోగాల్లో 70 శాతం జీవన వేతనంతో (బతకడానికి సరిపడే జీతంతో). కూటమి అందులో ఒక పక్షం, కనుక అది ఒప్పందమే. డెట్రాయిట్‌లో 2016లో ఓటర్లు ఆమోదించిన పద్ధతి వేరు. కనీసం 7.5 కోట్ల డాలర్ల ప్రాజెక్టుకు నగరం 10 లక్షల డాలర్లు లేదా అంతకు మించిన విలువగల పన్ను మినహాయింపు గానీ చవగ్గా స్థలం గానీ ఇస్తే, తొమ్మిది మందితో స్థానిక సలహా మండలి ఏర్పడుతుంది. మండలి అడుగుతుంది, బేరమాడుతుంది, ఉల్లంఘన జరిగితే ఫిర్యాదు చేస్తుంది. సంతకాలు మాత్రం నగరానివీ బిల్డరువీ. అందుకే అక్కడ ‘షరతు’ అనాలి. ఒప్పందం అంటే జనం చేతిలో లేని హక్కు ఉన్నట్టు చదువరి నమ్ముతాడు.

జవాబు: పై 70 శాతం ‘లక్ష్యం’, హామీ కాదు. తర్జుమాలో ఇది పోకూడదు. ‘తక్కువ ఆదాయం’ అని వదిలేసినా పొరపాటే. అమెరికాలో ఈ లెక్కకు తీసుకునేది నగరం ఒక్కదాని ఆదాయం కాదు, శివార్లతో కలిపిన ప్రాంతపు మధ్యస్థ ఆదాయం (సగం కుటుంబాలు దానికి పైన, సగం కింద ఉండేది). డెట్రాయిట్ శివార్లు నగరం కన్నా బాగా కలిగినవి. అందుకే ఆ మధ్యస్థంలో 80 శాతం ఆదాయానికి తగ్గట్టు పెట్టిన అద్దె నగరంలో చాలా కుటుంబాలకు అందదు. ఎంత శాతమో, దేనిలో శాతమో రెండూ రాయండి. ‘సగటు’ అనకండి, మధ్యస్థం వేరు.

ప్రశ్న అడిగినవారు: అయితే శీర్షిక ‘స్థానిక మేలు షరతులు’. లాస్ ఏంజెలెస్ పేరాలో ‘ఒప్పందం’ ఉంచుతాను. షరతు తప్పితే మినహాయింపు సొమ్ము వెనక్కి తీసుకోవడానికి?

జవాబు: ‘తిరిగి రాబట్టడం’. క్రియలూ సరిచూసుకోండి. మూలంలో తప్పనిసరి అని ఉన్నచోట ‘ఇవ్వాలి’, ప్రయత్నం అని ఉన్నచోట ‘ప్రయత్నించాలి’. ‘ఇస్తారు’ అని రాస్తే రెండూ కలిసిపోతాయి.