బాపు కార్టూన్ల మీద సెల్లోటేప్ జిగురు: సిరా పోకుండా తీయడమెలా?

మాది నరసాపురం, 1933లో బాపు గారు పుట్టిన ఊరే. తాతయ్య పాత వారపత్రికల్లోంచి ఆయన కార్టూన్లు 46 కత్తిరించి, లాంగ్ నోటుబుక్కులో సెల్లోటేప్‌తో అంటించారు. ఇప్పుడు టేపు పసుపుపచ్చగా మారి, జిగురు కాగితంలోకి దిగింది. మరక బొమ్మల మీదకి పాకుతోంది, అదే టెన్షన్. ఆయనది పొదుపైన గీత కదా, ఒక్కటి చెరిగినా జోకు పోతుంది!

హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో టేపుకి 30 సెకన్లు పట్టాను. ప్లాస్టిక్ పొర ఊడింది, జిగురు కదల్లేదు. రబ్బరుతో రుద్దితే కాగితం పొట్టులా లేచి రెండు బొమ్మలు పాడయ్యాయి. పెట్రోలు అద్దమన్నారొకరు, ధైర్యం చాలలేదు. వానాకాలం వస్తే మా గోదావరి చెమ్మకి పేజీలే అతుక్కుంటున్నాయి. స్కానింగ్ అయిపోయింది, ఆ సలహా వద్దు.

న్యూస్‌ప్రింట్ మీద అచ్చు సిరా చెదరకుండా ఈ జిగురును ఇంట్లో దేనితో తీయొచ్చు?