బొర్రా గుహల్లో రంగు లైట్లు ఉండాలా, తీసేయాలా?

కోనసీమ కొబ్బరాకు:
సంక్రాంతి వెళ్ళాక అమ్మనీ పిల్లలనీ తీసుకుని అమలాపురం నుంచి బొర్రా గుహలకు వెళ్ళొచ్చాం. విశాఖలో రాత్రి ఉండి పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. మనది రాయి ఎరగని నేల. గోదారి తెచ్చి పోసిన ఒండ్రు మీద పుట్టి పెరిగిన పిల్లలకు కొండ కడుపులోకి నడిచి వెళ్ళడం ఎలా ఉంటుందో చెప్పాలా! లోపల అడుగు పెట్టగానే మా చిన్నవాడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

కానీ లోపలంతా ఎరుపు, ఆకుపచ్చ, నీలం లైట్లు. ఒకచోట రెండు నిమిషాలు కరెంటు పోయింది. గైడు టార్చి వేశాడు. అప్పుడు కనబడింది ఆ రాయి అసలు రంగు. పాలమీగడ రంగు, అక్కడక్కడ తేనె చారలు, తడికి సన్నటి మెరుపు. మళ్ళీ కరెంటు వచ్చి ఎర్ర లైటు పడగానే అదంతా పోయింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఇంకోటి. మా ముందు నడుస్తున్న ఒకాయన చేతికందిన రాతి ఊడ కొస పుటుక్కున విరిచి జేబులో వేసుకున్నాడు. ఇదేంటండీ అంటే, "ఇన్ని ఉన్నాయి, ఒకటి పోతే ఏమైంది?" అన్నాడు.

నా మాట ఇది: రంగు లైట్లు తీసేసి తక్కువ వెలుగున్న తెల్ల లైట్లు పెట్టాలి. పాతిక మందికొక గైడు చొప్పున బ్యాచీలుగా పంపాలి. మీరేమంటారు?

భీమవరం బావ:
నేను ఒప్పుకోనండి. పోయినేడు మా ఊరి నుంచి నలభై మందిమి బస్సు కట్టించుకుని వెళ్ళాం. మా ఆడవాళ్ళకు అన్నిటికంటే నచ్చింది ఆ రంగులే. జన్మలో ఒక్కసారి వెళ్ళేవాళ్ళు అద్భుతంగా ఉందని ఫొటో తీసుకుంటే అందులో తప్పేముంది? దాదాపు 80 మీటర్ల లోతున్న గుహ అది, మెట్లు తడిగా ఉంటాయి. చదును నేల మీద తిరిగిన ముసలాళ్ళను మసక వెలుతురులో దింపితే కాలు జారితే ఎవరిది బాధ్యత?

ముమ్మిడివరం మాస్టారు:
నేను హైస్కూల్లో భౌతిక రసాయన శాస్త్రం చెబుతాను. పిల్లలకు ఎలా చెబుతానో అలాగే చెబుతాను. బోరు నీళ్ళు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి. అదే పదార్థం, కాల్షియం కార్బొనేటు. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాయిని కరిగించుకుంటూ దిగుతుంది. గుహ కప్పు దగ్గరకు వచ్చేసరికి ఆ వాయువు గాలిలోకి పోతుంది, సున్నం మిగిలిపోతుంది. అలా చుక్క చుక్కకూ పేరుకుంటేనే ఊడ.

పెరుగుదల గుహను బట్టి మారుతుంది కానీ ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు అనుకోవచ్చు. మన ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడి కట్టి వెయ్యేళ్ళు దాటింది కదా. ఆనాడు మొలిచిన ఊడ ఈనాటికి బెత్తెడు. కొబ్బరాకు గారి ముందు ఆయన జేబులో వేసుకున్నది ఎంత కాలమో ఆలోచించండి. విరవక్కర్లేదు, ముట్టుకున్నా చేతి జిడ్డు అంటుకుని ఆ చోట సున్నం సరిగ్గా పట్టదు.

ఇక లైట్ల సంగతి. చీకట్లో తడి రాయి మీద పాచి పెరగదు. గంటల తరబడి లైటు వేస్తే పెరుగుతుంది, రాయిని తినేస్తుంది. ఫ్రాన్సులో లాస్కో గుహను 1948లో జనానికి తెరిచి, మనుషుల ఊపిరీ పాచీ కలిసి పాడుచేస్తున్నాయని 1963లో మూసేశారు.

భీమవరం బావ:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. లాస్కోలో ఉన్నవి వేల ఏళ్ళ నాటి బొమ్మలు, రంగు చెదిరితే పోయినట్టే. బొర్రా అలా కాదు. ముఖద్వారం అంత పెద్దది, పై కప్పుకు కూడా కన్నం ఉంది, గాలీ వెలుతురూ ఎప్పటి నుంచో లోపలికి వస్తూనే ఉన్నాయి. రెంటినీ ఒకే గాట కట్టకండి.

ముమ్మిడివరం మాస్టారు:
ఆ తేడా నిజమే బావగారూ, ఒప్పుకుంటాను. లాస్కోలా మూసేయమనడం లేదు. కానీ ముఖద్వారం దగ్గర వచ్చే వెలుతురు వేరు, లోపలి మూలల్లో మనం పెట్టిన దీపం వేరు. నంద్యాల జిల్లా బెలూం గుహలు 3,229 మీటర్లు ఉంటే తెరిచింది ఒకటిన్నర కిలోమీటరే. దాన్ని చూడ్డానికి వెళ్ళినవాళ్ళెవరూ తక్కువ చూశామని బాధపడలేదు.

రాజోలు నుంచి అరకు:
నాది రాజోలు, ఉద్యోగం ఇక్కడ కొండ మీద. ఇంతవరకూ మీరెవరూ ఇక్కడి వాళ్ళ మాట ఎత్తలేదు. ఈ అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద మొదలైన కేసులోనే 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వకూడదని తేల్చింది. ఇప్పుడు గుహ ముందు బొంగు చికెన్ కాల్చేవాళ్ళకు, గైడులకు, జీపు నడిపేవాళ్ళకు యాత్రికులే ఆధారం. బ్యాచీల పేరుతో జనాన్ని తగ్గిస్తే ముందు దెబ్బ తినేది వాళ్ళు.

అయితే పాతిక మందికొక గైడు అన్నమాట నాకు నచ్చింది. అది ఇక్కడి కుర్రాళ్ళకు పని. ఆ షరతు కచ్చితంగా రాయించండి.

క్షీరారామం అక్క:
నాకు సైన్సు తెలియదు. లోపల శివలింగం ఉంది. కప్పు కన్నంలోంచి ఆవు పడితే, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లింగం కనబడిందని చెబుతారు. ఆ ఆవు పేరుమీదే గోస్తనీ నది అంటారు. నేను మెట్లెక్కి దణ్ణం పెట్టుకునే వచ్చాను. మన పాలకొల్లు గర్భగుడిలో ఒక్క నూనె దీపం ఉంటుంది. స్వామి బాగా కనబడాలని అక్కడ ఎవరైనా ఎర్ర లైటు, పచ్చ లైటు పెడతారా? పెట్టనిస్తామా? ఇదీ అంతే.

కోనసీమ కొబ్బరాకు:
అక్కా, ఈ మాట నాకు తట్టనే లేదు.

బావగారు చెప్పిన మెట్ల భయం నిజం. మా అమ్మ రెండుసార్లు తూలింది, నేనే పట్టుకున్నాను. కాబట్టి నా మాట మార్చుకుంటున్నాను. మెట్ల మీదా కటకటాల దగ్గరా తెల్ల లైట్లు గట్టిగానే ఉండాలి. ఊడల మీద లైట్లు మాత్రం మనుషులు దగ్గరికొచ్చినప్పుడే వెలిగి, వెళ్ళగానే ఆరిపోవాలి. బ్యాచీలు ఆదివారాలూ సెలవు రోజుల్లో చాలు. జనాన్ని వెనక్కి పంపొద్దు, టైము ఇచ్చి కూర్చోబెట్టాలి. గైడులు అక్కడి గిరిజన యువకులే కావాలని రాద్దాం.

ఇది అర్జీగా రాసి పంపాలని ఉంది. మాస్టారూ, పాచి సంగతి, ఊడ పెరిగే లెక్క మీరు రాసివ్వండి. మిగతాది నేను రాస్తాను.

ముమ్మిడివరం మాస్టారు:
ఆదివారం లోపు రాసి పెడతాను.

భీమవరం బావ:
మెట్ల లైట్లకు, గైడులకు నా సంతకం ఉంటుంది, మా ఊరి నుంచి ఇంకో ముప్పై చేయిస్తాను. రంగుల విషయం వేరే కాగితం మీద రాయండి. దాని మీద మాత్రం పెట్టను.